నెల్లూరు మెట్టలో పరిమళ తేనీళ్ళు, మూలికా పానీయాలు

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పడమటి అంచున, వెలికొండల పాదాల దగ్గర ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలను జిల్లావాసులు మెట్ట అని పిలుస్తారు. తూర్పున పెన్నా కాలువల కింద వరి మళ్ళు ఉంటే, ఇక్కడ బోరుబావులు, నిమ్మతోటలు, తంగేడు పొదలు, ఎర్రచందనం అడవులు. ఈ నేలలో తేయాకు పండదు. ఊరూరా టీ అంగళ్ళలో కాగేదంతా అస్సాం నుంచో నీలగిరుల నుంచో వచ్చిన పొడే. అయితే కాచుకునో నానబెట్టుకునో తాగదగ్గ మొక్కలు ఈ కొండల్లో, పొలంగట్ల మీద, పెరళ్ళలో చాలా ఉన్నాయి. సుగంధి వేరు, తంగేడు పువ్వు, తులసి, నిమ్మగడ్డి, గోంగూర ఎర్ర దొప్పలు వాటిలో ముఖ్యమైనవి.

డార్జిలింగ్ ఆకును రుచి చూసేటప్పుడు నీళ్ళు కొలిచి, ఆకు తూచి, నిమిషాలు లెక్కపెట్టి మార్కులు వేస్తారు. సుగంధి వేరుకూ తంగేడు పువ్వుకూ ఆ మర్యాద దక్కడం లేదు. వాటిని మందుగా మింగడమో, పంచదార పాకంలో ముంచేయడమో జరుగుతోంది. ఈ వ్యాసం రెండు తెగలనూ ఒకే కొలతతో చూస్తుంది.

తేయాకు, కషాయం

వృక్షశాస్త్రం లెక్కలో టీ అంటే కమీలియా సైనెన్సిస్ అనే ఒక్క మొక్క ఆకే. మన ఆహార భద్రతా నిబంధనలు కూడా టీని ఆ మొక్కతోనే నిర్వచిస్తాయి. గ్రీన్ టీ, ఊలాంగ్, బ్లాక్ టీ అన్నీ ఆ ఆకులే. కోసిన తరువాత గాలి తగిలి ఎంత మగ్గాయన్నదే వాటి మధ్య తేడా. ఆ ఆకుకు బెర్గమాట్ అనే పుల్లటి పండు తొక్క నూనె పట్టిస్తే ఎర్ల్ గ్రే, మల్లెమొగ్గల మధ్య రాత్రంతా ఉంచితే చైనావారి మల్లె టీ, పైన్ కట్టెల పొగ పట్టిస్తే లాప్‌సాంగ్ సూచాంగ్. యాలకులు, అల్లం దంచి వేసిన మన మసాలా టీ కూడా ఆ కుటుంబంలోదే.

తేయాకు లేనివి వేరు. దక్షిణాఫ్రికా రూయిబోస్, ఈజిప్టు కర్కదే, యూరప్ కామొమైల్, మన తులసి నీళ్ళు, శొంఠి కషాయం ఈ కోవలోకి వస్తాయి. వీటిలో కెఫీన్ ఉండదు. ఇవి ఒకదానికొకటి చుట్టాలు కావు కాబట్టి వీటిని కాచే పద్ధతి కూడా ఒకటి కాదు. ఈ సంగతిని ఆయుర్వేదం ఎంతో ముందే పట్టించుకుంది. మొక్క సారాన్ని తీసే అయిదు పద్ధతుల్లో మూడు మనకిక్కడ పనికొస్తాయి. గట్టి వేళ్ళను, బెరళ్ళను మరిగించి ఇగరబెట్టేది క్వాథం. వేడినీళ్ళు పోసి మూతపెట్టి వడగట్టేది ఫాంటం. చన్నీళ్ళలో రాత్రంతా నానబెట్టేది హిమం. శార్ఙ్గధర సంహిత లెక్క ప్రకారం క్వాథానికి ఒక వంతు మూలికకు పదహారు వంతుల నీళ్ళు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాయాలి. ఫాంటానికి నాలుగు వంతుల వేడినీళ్ళు, హిమానికి ఆరు వంతుల చన్నీళ్ళు. ఇవి మందు మోతాదులు. రోజూ తాగే పానీయానికి ఇంత చిక్కదనం అక్కర్లేదు గానీ ఏ భాగాన్ని ఎలా కదిలించాలన్న వివేకం మాత్రం ఇందులో పూర్తిగా ఉంది. మెట్టలో చాలా ఇళ్ళలో అన్నిటినీ ఒకే గిన్నెలో పడేసి తెర్లబెడతారు. పరిమళం ఎక్కువగా పోయేది అక్కడే.

ఈ నేలకు టీ వచ్చిన తీరు

దక్షిణాదిలో టీ అలవాటు పాతదేమీ కాదు. అస్సాం తేయాకు లండన్ వేలానికి మొదటిసారి చేరింది 1839లో. దేశంలోనే తాగేవాళ్ళను తయారుచేసుకోవాలన్న ఆలోచనతో 1903లో తేయాకు మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ఊరూరా ప్రచారం చేయించారు. 1930 ప్రాంతంలో అస్సాంలో సీటీసీ యంత్రం వచ్చింది. ఆకును నలిపి, చింపి, గుండ్రటి గింజల్లా చేసే ఈ యంత్రం వల్ల తక్కువ పొడితో ఎక్కువ కప్పుల చిక్కటి పాల టీ తయారయ్యే వీలు కలిగింది. నెల్లూరు నుంచి ఆత్మకూరు, మర్రిపాడు మీదుగా బద్వేలు వెళ్ళే 67వ నంబరు జాతీయ రహదారి పక్కన, అనుమసముద్రంపేట దర్గాకు వచ్చే యాత్రికుల కోసం తెరిచే అంగళ్ళలో నేడు కాగేది ఆ గింజల టీయే. విడి ఆకు టీ, పరిమళ టీ పెట్టెలు ఇక్కడికి వచ్చింది ఇటీవలే, సూపర్ మార్కెట్ల ద్వారా, ఆన్‌లైన్ దుకాణాల ద్వారా.

నీళ్ళు

మెట్టలో రుచిని పోల్చాలనుకునేవారు ముందు నీళ్ళ సంగతి తేల్చుకోవాలి. కప్పులో నూటికి తొంభైతొమ్మిది వంతులు నీళ్ళే. ఈ ప్రాంతంలో అవి మూడు రకాలు. మొదటిది బోరు నీళ్ళు. రెండోది పెన్నా మీద 78 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన సోమశిల జలాశయం వైపు నుంచి వచ్చే ఉపరితల జలం. మూడోది శుద్ధి చేసి ఇరవై లీటర్ల క్యాన్లలో అమ్మే నీళ్ళు. ఒకే తులసిని ఈ మూడింటిలో కాస్తే మూడు రుచులు వస్తాయి.

పడమటి మెట్ట మండలాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య ఏళ్ళ తరబడి ఉన్నదే. ఫ్లోరైడ్ ఎక్కువున్న భూజలం సాధారణంగా క్షారగుణం కలిగి ఉంటుంది. అందులో సోడియం బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అలాంటి నీళ్ళలో తేయాకు వేస్తే రంగు ముదురు గోధుమగా, మసకగా దిగుతుంది, రుచి చప్పబడుతుంది. గోంగూర దొప్పల పులుపు సగం చచ్చిపోతుంది. కాల్షియం ఎక్కువున్న కఠిన జలమైతే కప్పు మీద జిడ్డులాంటి సన్నటి పొర కడుతుంది. అది నూనె కాదు; నీటిలోని కాల్షియం, బైకార్బొనేట్లు తేయాకు పాలీఫినాళ్ళతో కలిసి కట్టిన తెట్టు. నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఆ తెట్టు విడిపోయి రంగు తేటపడుతుంది. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు రాష్ట్రమంతటా పేరున్నవి కాబట్టి ఈ మందుకు ఇక్కడ కరువు లేదు.

నీటి స్వభావాన్ని కంటితో చూడాలనుకుంటే శంఖపుష్పం మంచి సాక్షి. నీలి శంఖపుష్పాలు అయిదారు ఎండబెట్టి వేడినీళ్ళలో వేస్తే తటస్థ జలంలో ముదురు నీలం దిగుతుంది. నిమ్మరసం పడగానే ఊదా, గులాబీ రంగుల్లోకి తిరుగుతుంది. బాగా క్షారమున్న నీళ్ళలో నీలం ఆకుపచ్చ వైపు జారుతుంది. ఇది క్షారాన్ని చూపిస్తుందే తప్ప ఫ్లోరైడ్‌ను చూపించదు. ఫ్లోరైడ్ తెలియాలంటే నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాల్సిందే. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతి.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరై నీళ్ళు తగ్గేకొద్దీ అది చిక్కబడుతుంది. పైగా తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో దాచుకుంటుంది. లేత చిగుళ్ళలో తక్కువ, ముదురు ఆకుల్లో ఎక్కువ. ముదురాకుతో చేసిన చవక పొడిని ఫ్లోరైడ్ బోరు నీళ్ళలో గంటల తరబడి మరగబెట్టి రోజుకు అయిదారు గ్లాసులు తాగడం ఈ మండలాల్లో రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, ఎముకలకు, పళ్ళకు సంబంధించిన విషయం. ఇక్కడ టీ కాచడానికి శుద్ధి చేసిన నీళ్ళో, పరీక్షలో నెగ్గిన నీళ్ళో వాడాలి. పోలిక కోసం కాచేటప్పుడు అన్ని గిన్నెలకూ ఒకే క్యాను నీళ్ళు పోయాలి.

సుగంధి

మెట్ట కొండల పానీయాల్లో మొదటి పీట సుగంధిపాలకు వేయాలి. హెమిడెస్మస్ ఇండికస్ అనే ఈ తీగకు సన్నటి ఆకులు, ఆకు నడిమి ఈనె వెంట తెల్లటి చార, తుంచితే పాలు. వేరు సన్నగా, తీగలా గట్టిగా, పైన ముదురు గోధుమ రంగు తోలుతో ఉంటుంది. ఎండిన వేరును చేత్తో వంచితే పైతోలు అడ్డంగా పగిలి, లోపలి తెల్లటి పుల్ల బయటపడుతుంది. వాసనంతా ఆ తోలులోనే ఉంది. లోపలి పుల్లను విడిగా నమిలితే కట్టె ముక్కే. అందుకే వేరును నలగ్గొట్టి, పుల్ల తీసేసి, తోలు మాత్రమే నానబెట్టినవారికి తక్కువ సరుకుతో ఎక్కువ పరిమళం దక్కుతుంది.

ఆ పరిమళానికి కారణం 2-హైడ్రాక్సీ-4-మీథాక్సీ బెంజాల్డిహైడ్ అనే పదార్థం. వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్‌లో ఉన్న పరమాణువులే ఇందులోనూ అదే సంఖ్యలో ఉంటాయి, అమరిక మాత్రమే వేరు. సుగంధి నీళ్ళు మొదటిసారి తాగినవారికి ఐస్‌క్రీం వాసన గుర్తుకురావడం అందువల్లే. ఈ పదార్థం ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. కాబట్టి మూతలేని గిన్నెలో పావుగంట మరిగిస్తే ఇల్లంతా గుబాళిస్తుంది, గ్లాసులో మాత్రం మట్టి రుచీ పలుచటి చేదూ మిగులుతాయి. దీనికి తగినది హిమ పద్ధతి. మట్టికుండలో రాత్రి నానబెట్టి, తెల్లవారి పలుచటి గుడ్డలో వడగడితే మొదటి గుటకలో తీపి వాసన, తరువాత నాలుక అంచుల మీద సన్నటి వగరు, చివర చల్లదనం వరుసగా తెలుస్తాయి. వేడిగానే కావాలంటే దించిన నీళ్ళలో వేసి మూతపెట్టి పది నిమిషాలు ఉంచడం మేలు.

అంగళ్ళలో సుగంధి పేరుతో రెండు వేళ్ళు దొరుకుతాయి. రెండోది బర్రె సుగంధి, దాన్నే మారెడు కొమ్ములు అని కూడా అంటారు. డెకాలెపిస్ హామిల్టోనీ అనే ఈ మొక్క దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. దాని వేళ్ళు వేలంత లావుగా, కండగా ఉంటాయి, ఊరగాయకు కూడా వాడతారు. వాసన పదార్థం రెండింటిలోనూ ఒకటే కావడంతో ముక్కుకు మోసం జరగడం తేలిక. పక్కపక్కన పెట్టి తాగితే తేడా తెలుస్తుంది: బర్రె సుగంధి ఒక్కసారిగా ముక్కును తాకి నాలుకను కాస్త చురుక్కుమనిపిస్తుంది, సన్నవేరు సుగంధి నెమ్మదిగా తెరుచుకుని ఎక్కువసేపు నిలుస్తుంది. సన్నవేరుదే మేలైన పానీయం. సుగంధి వేరుతో చేసి సీసాల్లో అమ్మే నన్నారి షర్బత్‌లో ఈ సూక్ష్మాలేవీ మిగలవు. పంచదార ముందు నిలబడి మిగతా రుచులన్నీ వెనక్కి పోతాయి. షర్బత్‌గా అది వేసవిలో హాయినిచ్చేదే, వేరును అంచనా వేయడానికి మాత్రం పనికిరాదు.

తంగేడు, దాని పక్కనే కసింద

తంగేడు తెలంగాణకు రాష్ట్ర పుష్పం కావచ్చు, నెల్లూరు మెట్టలో మాత్రం అడుగడుగునా కనిపించే పొద. సెన్నా ఆరిక్యులేటా దీని శాస్త్రీయ నామం. శ్రీలంకలో దీని ఆకును టీకి బదులు వాడినందువల్ల ఆంగ్లేయులు దీన్ని మాతర టీ మొక్క అని పిలిచారు. తమిళనాట ఆవారం పువ్వు కాచుకోవడం ఇప్పటికీ ఉంది. ఎండిన రేకలు గుప్పెడు తీసుకుని ఫాంటంగా కాస్తే తేనె రంగు దిగుతుంది. వాసన తక్కువ, ఎండుగడ్డినీ తేనెనూ కలిపినట్టు ఉంటుంది. మొదట మెత్తగా తీయగా తగిలి, వెంటనే వగరు పట్టుకుంటుంది. ఆ వగరుకు కారణం టానిన్లు. తంగేడు బెరడు తోళ్ళు ఊనడానికి దక్షిణాదిలో తరతరాలుగా వాడిన సరుకు. నోటిలో అదే పని జరుగుతుంది: లాలాజలంలోని ప్రోటీన్లకు టానిన్లు అంటుకోవడంతో నాలుక పొడిబారి బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. నాలుగు నిమిషాలకు మించి ఉంచితే ఈ వగరు మిగతావాటిని మింగేస్తుంది.

పువ్వు కోసేవారు ఒక జాగ్రత్త తప్పనిసరిగా తీసుకోవాలి. తంగేడు పొదల పక్కనే, రోడ్డు వారల్లో, దిబ్బల మీద కసింద పెరుగుతుంది. దానికీ పచ్చని పూలే. తంగేడు ఆకుకు ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న, మొండి చివరల చిట్టాకులు. కాడ మొదట్లో చెవుల్లాంటి వెడల్పాటి రేకులు. కాయ పలుచగా కాగితంలా ఉంటుంది. కసిందకు మూడు నుంచి ఆరు జతలే, ఆకులు పెద్దవి, కొనదేలినవి, నలిపితే దుర్వాసన. ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో పసిపిల్లలు కసింద కాయలు తిని కాలేయం, కండరాలు, మెదడు దెబ్బతిని చనిపోయిన ఉదంతాలను వైద్యులు నమోదు చేశారు. తంగేడును కూడా నెలల తరబడి రోజూ తాగడం మంచిది కాదు. అందులో కాలేయానికి హాని చేసే ఆల్కలాయిడ్లు ఉండవచ్చన్న అనుమానాన్ని పరిశోధకులు వ్యక్తం చేశారు. అప్పుడప్పుడు రుచి చూసే పానీయంగానే దీన్ని ఉంచుకోవాలి.

గోంగూర దొప్పలు

ప్రపంచమంతటా హైబిస్కస్ టీ పేరుతో అమ్ముడయ్యే ఎర్రటి పానీయం మన గోంగూర మొక్కదే. హైబిస్కస్ సబ్డరిఫా పువ్వు రాలిన తరువాత కాయ చుట్టూ కండపట్టే ఎర్రటి దొప్పలను ఎండబెట్టి ఈజిప్టు, సూడాన్ ప్రజలు కర్కదేగా తాగుతారు. మనం ఆకు కోసమే పెంచి, పూత దాకా రానివ్వం. విత్తనానికి వదిలిన ఎర్ర గోంగూర మొక్కలుంటే వాటి దొప్పలు వలిచి ఎండబెట్టుకోవచ్చు. పులుపు పదునుగా, రేగుపండ్ల వాసనతో, రంగు మాణిక్యంలా ఉంటుంది. అల్యూమినియం గిన్నెలో కాయకూడదు, పులుపు లోహాన్ని లాగుతుంది. స్టీలు గిన్నెగానీ మట్టిపాత్రగానీ వాడాలి. రక్తపోటు మందులు వాడేవారు, మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు వైద్యుణ్ణి అడిగాకే అలవాటు చేసుకోవాలి.

అల్లం, శొంఠి, తులసి

శొంఠి లేని కషాయం లేదని సామెత. పచ్చి అల్లం ఘాటుకు జింజెరాల్ కారణం. ఎండి శొంఠి అయ్యేసరికి అందులో కొంత షోగాల్‌గా మారుతుంది, దాని కారం ఎక్కువ. అందుకే అల్లం టీ ముక్కులో నిమ్మవాసనతో మొదలై గొంతులో వెచ్చదనంతో ఆగిపోతే, శొంఠి గొంతు దాటి గుండెల దాకా మండుతుంది. టీ అంగళ్ళలో పాలు విరిగిపోయే గొడవకు కూడా అల్లమే ఒక కారణం. పచ్చి అల్లంలో ప్రోటీన్లను తెంపే ఎంజైము ఉంది. గోరువెచ్చటి పాలలో దంచిన అల్లం వేస్తే అది పాలను విరగ్గొడుతుంది. ముందు నీళ్ళలో అల్లాన్ని రెండు నిమిషాలు తెర్లనిచ్చి తరువాత పాలు పోస్తే ఎంజైము చచ్చిపోతుంది. బెల్లం టీకి కూడా దించిన తరువాతే బెల్లం కలపడం అంగళ్ళవాళ్ళు అనుభవంతో నేర్చుకున్న కిటుకు.

తులసి వాసనలో ప్రధానమైనది యూజెనాల్, లవంగంలో ఉండేదే. నిమ్మగడ్డిలో సిట్రాల్. రెండూ త్వరగా ఎగిరిపోయేవే కాబట్టి మూత తప్పనిసరి. 2020లో కరోనా వేళ ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించిన ఆయుష్ క్వాథంలో తులసి నాలుగు వంతులు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒక వంతు. ఆ రోజుల్లో ఇంటింటా ఇది కాగింది. రుచి పరంగా చూస్తే ఆ కొలతలో తులసికి పెద్దపీట వేసినా, కలిపి మరిగించినప్పుడు గ్లాసులో ముందు వినిపించేది శొంఠి, మిరియాలే. తులసిని చివర్లో, మంట ఆపాక వేస్తే అది తన చోటు తాను నిలబెట్టుకుంటుంది.

అద్దిన పరిమళం, పుట్టిన పరిమళం

పరిమళ టీ పెట్టె తెరవగానే గుప్పుమనే వాసన చూసి మురిసిపోకూడదు. ఆకుకు వాసన నూనె చల్లినదైతే పొడిగా ఉన్నప్పుడు బ్రహ్మాండంగా ఉండి, రెండోసారి నీళ్ళు పోసేసరికి చాలావరకు ఖాళీ అవుతుంది. అదే ఆకులో అసలైన యాలకుల పలుకులు, అల్లం ముక్కలు, ఎండిన నిమ్మతొక్క ఉంటే రెండో నీళ్ళకూ ఏదో ఒకటి మిగులుతుంది. వాసన పట్టించిన టీ పెట్టె మీద ఆ సంగతి ముద్రించాలని నిబంధన ఉంది, అది చదవాలి.

అల్లం, యాలకుల వంటి ఘాటైనవి నాసిరకం ఆకును కప్పిపుచ్చుతాయి. కాబట్టి ఏ పరిమళ టీనైనా మెచ్చుకునే ముందు అందులోని ఆకును విడిగా ఏరి, ఒట్టిగా కాచి తాగి చూడాలి. విడిగా తూచి అమ్మే పొడి విషయంలో ఇంకో పరీక్ష ఉంది. తడిపిన వడపోత కాగితం మీదగానీ అద్దుడు కాగితం మీదగానీ చిటికెడు పొడి చల్లి కాసేపు ఆగాలి. చన్నీటికే రంగు చారలు పాకితే అది రంగువేసిన పొడి. మంచి తేయాకు చన్నీళ్ళలో అంత తొందరగా రంగు వదలదు. అయస్కాంతాన్ని పొడి మీద తిప్పితే ఇనుప రజను ఉంటే అంటుకుంటుంది.

రుచి చూసే పద్ధతి

టీ రుచి పరీక్షకు 1980లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 3103. 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్ళకు 2 గ్రాముల ఆకు, మూత పెట్టి 6 నిమిషాలు, తెల్లటి పింగాణీ గిన్నె. ఇది రుచిగా కాచుకునే కొలత కాదు. లోపాలన్నీ బయటపడేలా కాచే కొలత. గ్రీన్ టీని ఇంట్లో తాగడానికైతే 70-80 డిగ్రీల నీళ్ళు చాలు. నీళ్ళు తెర్లాక దించి కొన్ని నిమిషాలు ఆరనిస్తే ఆ వేడికి వస్తాయి. మూలికలకు ప్రమాణమంటూ స్థిరపడలేదు గనుక, పోల్చేవారు తమ కొలతను తామే నిర్ణయించుకుని దాన్ని మార్చకుండా పాటించాలి. ఆకులు, పువ్వులు అయితే టీ కొలతే బాగుంటుంది. వేళ్ళకు దానికి రెట్టింపు సరుకు కావాలి.

కప్పులన్నీ ఒకే రకంవి, ఒకే వేడిలో ఉండాలి. ఉదయగిరి కొయ్య చెంచాలు భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులు. దుర్గం కొండ పరిసరాల నర్ది వంటి కలపతో చెక్కుతారు. లోహపు రుచి అంటదు కాబట్టి గోంగూర దొప్పల వంటి పుల్లటి వాటికి ఇవి చక్కగా సరిపోతాయి. కొయ్య వాసన పీల్చుకుంటుంది కనుక శొంఠిలో ముంచిన చెంచాను సుగంధిలో పెట్టకూడదు, ఒక్కోదానికి ఒక్కో చెంచా ఉంచుకోవాలి.

తాగేటప్పుడు శబ్దం వచ్చేలా జుర్రాలి. గాలితో కలిసి చిలకరించినట్టు లోపలికి వెళ్ళిన ద్రవం నుంచి వాసన గొంతు వెనక దారిన ముక్కుకు చేరుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా అలా వచ్చిన వాసనదే. పెద్దలు మర్యాద కోసం జుర్రవద్దంటారు గానీ ఈ ఒక్క పనిలో జుర్రడమే పద్ధతి. వరుస కూడా ముఖ్యం: ముందు తంగేడు, సుగంధి వంటి మెత్తనివి, తరువాత పుల్లనివి, ఆపైన శొంఠి, మిరియాలు, అన్నిటికన్నా చివర పుదీనా. పుదీనా నాలుకను చల్లబరచి తరువాతి కప్పును చెడగొడుతుంది. మధ్యలో నాలుగు బొరుగులు నమిలి నీళ్ళు పుక్కిలిస్తే నాలుక తేరుకుంటుంది. బిస్కెట్లు వద్దు, వాటి తీపి నోట్లో నిలిచిపోతుంది.

పాలు, పంచదార పోలిక ముగిశాకే. పాలలోని కేసీన్ టానిన్లను పట్టుకుని వగరును అణచివేస్తుంది. పాలు కలిపాక రెండు టీల మధ్య తేడా చెప్పడం వృత్తిలో ఉన్నవారికి కూడా కష్టం.

పేరు, పెట్టె, ధర చూసి నాలుక మాట మార్చడం అందరికీ జరిగేదే. దానికి విరుగుడు మూడు గ్లాసుల పరీక్ష. రెండింటిలో ఒకే పానీయం, మూడోదానిలో వేరొకటి పోసి, అడుగున గుర్తు పెట్టి, ఇంకొకరు వరుస మార్చి ఇవ్వాలి. వేరుగా ఉన్నదేదో తాగే మనిషి చెప్పాలి. ఊరికే చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది. ఆరుసార్లలో అయిదుసార్లు సరిగా పట్టుకుంటే మాత్రం తేడా నిజంగా తెలుస్తున్నట్టే. అదృష్టం మీద అలా జరిగే అవకాశం నూటికి రెండు లోపే. సన్నవేరు సుగంధికీ బర్రె సుగంధికీ, రామతులసికీ కృష్ణతులసికీ మధ్య తేడాను పట్టుకోవడం నేర్పే పరీక్ష ఇది. ఇద్దరు కూర్చుని చేసుకుంటే ఓ గంట పని.

సేకరణ, నిల్వ

ఆకులు, పువ్వులు కోస్తే మొక్క మళ్ళీ చిగురిస్తుంది. వేరు తవ్వితే మొక్కే పోతుంది. సుగంధికి, అంతకన్నా బర్రె సుగంధికి, ముంచుకొచ్చిన ఆపద ఇదే. కొండల్లో వీటిని గుర్తుపట్టి తవ్వడంలో యానాది గిరిజనుల నేర్పు పేరున్నది. వారు తెచ్చిన వేళ్ళకు దళారులు ఇచ్చే ధర, సీసాలో షర్బత్ అమ్ముడయ్యే ధర పక్కపక్కన పెట్టి చూస్తే అన్యాయం తెలుస్తుంది. 1956లో ఏర్పడి విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తులను కొని, నన్నారి షర్బత్ వంటివి తయారుచేసి అమ్ముతోంది. పెనుశిల నరసింహ అభయారణ్యం వంటి రక్షిత అడవుల్లో అనుమతి లేకుండా ఏదీ తవ్వకూడదు.

సుగంధి తోటల్లో పెరుగుతుంది. వేరు ముక్కలు, కాడ ముక్కలు నాటితే మొలుస్తుంది, తవ్వదగ్గ వేరు కావడానికి రెండేళ్ళకు పైగా పడుతుంది. నిమ్మతోటల గట్ల మీద, నీడపట్టున దీనికి చోటు దొరుకుతుంది. తవ్విన వేరును కడిగి నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే వాసన సగం పోతుంది. మూతబిగిసే గాజు సీసాలో, పసుపుకూ కారానికీ ఇంగువకూ దూరంగా దాచాలి. తంగేడు, తులసి, నిమ్మగడ్డి కూడా అంతే. ఎండిన ఆకును నలిపినప్పుడు వాసన రాకపోతే ఆ సరుకు పాతదైనట్టు. దాన్ని ఎంతసేపు మరిగించినా రంగు తప్ప మరేమీ దిగదు.